సారె పెట్టె తాళము ఎవరి చేతిలో ఉన్నది?

ధ్యాన భాగములు: ఆదికాండము 31:14–16, యెహోషువ 15:16–19



పత్తి అమ్మకాలు అయి, మిరప కళ్ళాలు ఎత్తిన తరువాత మన మెరక గ్రామాలలో పెళ్ళి మాటలు మొదలవుతాయి. పంట డబ్బు ఇంటికి రాకముందే అది ఏ వియ్యంకుని చేతికి వెళ్ళాలో లెక్క తేలిపోయే ఇళ్ళు మన సంఘములలో ఎన్ని ఉన్నవో మీకే తెలుసు. అందుచేత ఈ నెల పెళ్ళికూతురు పెట్టెను గురించి మాట్లాడుకుందాము.

నందిగామ, జగ్గయ్యపేట ప్రాంతముల గృహ కూడికలలో ఈ మధ్య మూడు ప్రశ్నలు తరచు వినబడుచున్నవి. మొదటిది: "అయ్యగారూ, పాత చెక్క సామాను కొనేవాళ్ళు ట్రాలీ ఆటో వేసుకొని వీధుల్లోకి వస్తున్నారు. మా నాయనమ్మ పెట్టెకు మంచి ధర చెబుతున్నారు. అమ్ముకోవచ్చా?" రెండవది: "పెట్టె మూత మీద లక్ష్మి బొమ్మ రంగులతో వేసి ఉంది. మేము విశ్వాసులం. ఉంచుకోవచ్చా, తగలబెట్టాలా?" మూడవది, అసలైనది: "ఇప్పుడు పెట్టె ఎవరడుగుతున్నారండీ? డబ్బే అడుగుతున్నారు. అదీ ఇదీ ఒకటే కదా?"

మూడవ ప్రశ్నకు జవాబు దొరికితే మొదటి రెండిటికీ దారి కనబడుతుంది. కనుక ముందు పెట్టె సంగతి తెలుసుకుందాము.

పెట్టె అంటే ఏమిటి?

మన పెద్దలు దీనికి ఎన్నో పేర్లు పెట్టారు. కావడికి కట్టి మోయగలిగినది కావడి పెట్టె. కదల్చడానికి నలుగురు కావలసినంత పెద్దది భోషాణము. జగ్గయ్యపేట దాటి కోదాడ వైపు వెళ్ళితే సందుగ అంటారు. టేకు, వేప, పనస చెక్కలతో చేసి, మూలలకు ఇత్తడి రేకులు కొట్టి, ముందు గొళ్ళెము, తాళము పెట్టేవారు. లోపల ఒక ప్రక్కన చిన్న అర ఉండేది. పెద్ద బట్టలు అడుగున, నగలు, చిల్లర డబ్బు ఆ అరలో.

అయితే మనము నిజము చెప్పుకోవాలి. మన సంఘములలో చాలమంది తాతముత్తాతల ఇళ్ళలో టేకు పెట్టె ఎక్కడిది? తాటాకు పెట్టెలో రెండు చీరలు పెట్టుకొని అత్తవారింటికి వచ్చిన అమ్మమ్మలే ఎక్కువ. తరువాత కాలములో రేకు ట్రంకు పెట్టె వచ్చింది. దాని మీద నీలము రంగో ఆకుపచ్చ రంగో వేసి, రెండు గులాబీలు, ఒక చిలుక గీయించి, పిల్ల పేరు వ్రాయించేవారు. చెక్క అయినా, తాటాకు అయినా, రేకు అయినా ఒక సంగతి మాత్రము సమానము. ఆ పెట్టె పిల్లది. దాని తాళంచెవి పిల్ల బొడ్డున ఉండేది. అత్తగారు సహితము అడిగి తీసుకోవలసిందే.

చెక్క మీద రంగు వేసే పని చూడాలంటే మనము దూరము వెళ్ళనక్కరలేదు. విజయవాడకు ఇవతలనే కొండపల్లి ఉన్నది. అక్కడ తెల్లపొణికి అనే తేలికైన చెక్కను సన్నని సెగ మీద ఆరబెట్టి, కాళ్ళు, చేతులు, తల వేరువేరుగా చెక్కి, చింతగింజల పిండిలో రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతికించి, సున్నము పూసి, ఆ పైన రంగులు వేస్తారు. 2007లో కొండపల్లి బొమ్మలకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. అది బొమ్మల ఊరు. తెల్లపొణికి చెక్క బొమ్మకు పనికివస్తుంది గాని బట్టల బరువు మోసే పెట్టెకు కాదు.

పెండ్లి పెట్టెకు నిండుగా బొమ్మలు వేసే ఆచారము చూడాలంటే మన పొరుగున ఉన్న ఒడిశాకు వెళ్ళాలి. అక్కడ దానిని జౌతుక పెడి అంటారు. జౌతుక అంటే పెండ్లిలో ఇచ్చే కానుక, పెడి అంటే పెట్టె. పూరీ దగ్గర రఘురాజపురము చిత్రకారులు పటము మీద వేసే బొమ్మలనే చెక్క పెట్టెల మీద కూడా వేస్తారు. వారు కూడా మన కొండపల్లి వారివలెనే చింతగింజల జిగురు వాడతారు. గుజరాతులోని సౌరాష్ట్ర, కచ్ ప్రాంతములలో పటారో అనే పెద్ద పెట్టె ఉన్నది. దానికి ఇత్తడి, ఇనుప రేకులు కొట్టి, క్రింద చక్రములు పెడతారు. కేరళలో తలశ్శేరి దగ్గర నెట్టూరు పేరు మీద నగల పెట్టె ఉన్నది. దాని మూత గుడి కప్పువలె వాలుగా ఉంటుంది. ఒక్కొక్క ప్రాంతములో చెక్క వేరు, రంగు వేరు. అయినను పుట్టింటి నుండి కూతురితో కూడ వెళ్ళే సొంత వస్తువు అనే భావము అన్నిటిలోను ఒకటే.

సముద్రము అవతల కూడా ఇదే కనబడుతుంది. అమెరికాలోని పెన్సిల్వేనియాలో స్థిరపడిన జర్మను కుటుంబములు 1700ల చివరను, 1800ల మొదటను తమ కుమార్తెలకు పెట్టెలు చేయించేవారు. వాటి మీద తులిప్ పువ్వులు, హృదయపు గుర్తులు, పక్షులు గీసి, మధ్యలో అమ్మాయి పేరు, సంవత్సరము వ్రాయించేవారు. ఆ పెట్టెలు నేడు అక్కడి గొప్ప మ్యూజియములలో ఉన్నవి. ఆ కుటుంబములలో ఎక్కువమంది లూథరను, రిఫార్ముడు సంఘములవారు. 1842 జులై 31న గుంటూరులో అడుగుపెట్టి తెలుగువారికి సువార్త చెప్పిన ఫాదర్ హయ్యరు గారిని పంపినది ఆ పెన్సిల్వేనియా లూథరను సంఘమే. మనకు సువార్త పంపిన ఆ తల్లులు కూడా పేరు వ్రాసిన పెట్టెలు తీసుకొని కాపురమునకు వచ్చినవారే. ఆ పేరు ఎందుకు వ్రాయించారు? అందము కొరకు మాత్రమే కాదు. ఇది ఎవరిదో ఇంకొకరు మరచిపోకూడదని.

మన తాతలు ఇచ్చినదెవరు, పుచ్చుకొన్నదెవరు?

ఇక్కడ యౌవనస్థులు ఒక సంగతి గమనించాలి. "కట్నము మన పూర్వీకుల ఆచారము" అని కొందరు పెద్దలు చెబుతారు. మన గ్రామములలో కష్టము చేసుకొని బ్రతికిన అనేక కుటుంబములలో పూర్వము ఉన్నది కట్నము కాదు, ఓలి. ఓలి అంటే పిల్లవాని తరపువారు పిల్ల ఇంటికి ఇచ్చేది. "పొలములో, ఇంటిలో పని చేసే చెయ్యి మీ ఇంటి నుండి మా ఇంటికి వస్తున్నది" అని ఒప్పుకొని ఇచ్చినది. ఓలిలో కూడా చెడ్డ ఉన్నది, పిల్లకు వెల కట్టినట్లయ్యేది. అయినను పిల్లను పెంచినందుకు తండ్రి అప్పులపాలు కాలేదు. నాలుగు చదువులు చదివి, నాలుగు ఉద్యోగములు వచ్చిన తరువాత, మన పైవారిని చూచి మనము కట్నము నేర్చుకొన్నాము. నేర్చుకొన్నదానిని పూర్వీకుల ఆచారమనుట న్యాయము కాదు.

పరిశుద్ధ గ్రంథము ఏమి చూపుచున్నది? ఆదికాండము 24లో అబ్రాహాము దాసుడు రిబ్కాకు వెండి, బంగారు నగలు, వస్త్రములు ఇచ్చెను. ఆమె సహోదరునికి, తల్లికి కూడా విలువైన వస్తువులు ఇచ్చెను. ఇచ్చినది వరుని పక్షము. యెహోషువ 15లో కాలేబు కుమార్తె అక్సా తండ్రి దగ్గరకు గాడిదనెక్కి వచ్చి, ఎండిన దక్షిణ భూమిని ఇచ్చావు గనుక నీటి మడుగులు కూడా ఇమ్మని అడిగింది. కాలేబు మెరక మడుగులను, పల్లపు మడుగులను ఇచ్చాడు. మెరక పొలమునకు నీళ్ళు లేకపోతే ఏమవుతుందో మన నందిగామ, జగ్గయ్యపేట రైతుకు ఎవరూ చెప్పనక్కరలేదు. అడిగినది ఎవరో చూడండి. అల్లుడు కాదు, మామగారు కాదు. కుమార్తె అడిగింది, కుమార్తె బ్రతుకుటకు కావలసినది అడిగింది. తండ్రి ఆమెకు ఇచ్చాడు.

ఇప్పుడు ఆదికాండము 31 తీయండి. యాకోబు తన భార్యలను పొలమునకు పిలిపించి, ఇక బయలుదేరుదామని చెప్పినప్పుడు రాహేలు, లేయా ఇద్దరూ ఒకే మాట చెప్పారు. తండ్రి ఇంటిలో మాకు ఇంకా పాలు గాని స్వాస్థ్యము గాని ఉన్నదా, ఆయన మమ్మును అమ్మివేసి, మా వలన వచ్చిన ద్రవ్యమును తానే తినివేశాడు కదా అని. వారిద్దరూ జీవితమంతా ఒకరితో ఒకరు పోటీ పడినవారు. ఈ ఒక్క విషయములో మాత్రము అక్కచెల్లెళ్ళ మాట కలిసింది. యాకోబు పదునాలుగు సంవత్సరములు చేసిన కొలువు ఆ ఇద్దరి పెండ్లి కొరకు ఇచ్చినది. దాని ఫలము లాబాను చేతిలోనే ఉండిపోయింది. కుమార్తెల చేతికి రాలేదు.

ఇదే నేటి కట్నము కథ. అక్కడ తినివేసినవాడు తండ్రి. ఇక్కడ తినివేసేది అత్తవారిల్లు. పిల్ల పేరు మీద డబ్బు చేతులు మారుతుంది. పిల్ల చేతికి మాత్రము రాదు. పిల్లవాని అక్క పెండ్లికో, ఇంటి స్లాబుకో, పాత అప్పుకో, కారుకో వెళుతుంది. పెట్టెకు తాళము ఉన్నది, తాళము పిల్ల దగ్గర ఉన్నది. నోట్ల కట్టకు తాళము లేదు. అందుచేత "అదీ ఇదీ ఒకటే కదా" అన్నవారికి నా జవాబు, ఒకటి కాదు. పేరు ఒకటిగా ఉండవచ్చును గాని, ఒకటి కుమార్తెకు ఇచ్చిన కానుక, రెండవది కుమార్తెను చూపించి వసూలు చేసిన సొమ్ము.

ఒక సహోదరి సంగతి

మన మెరక ప్రాంతములోని ఒక గ్రామములో జరిగిన విషయము చెబుతాను. పేరు, ఊరు చెప్పను. ఒక సహోదరికి పెండ్లి అయిన మూడవ సంవత్సరము భర్త ప్రభువునందు నిద్రించాడు. చంటిబిడ్డతో ఆమె పుట్టింటికి వచ్చింది. అత్తవారు మళ్ళీ పిలువలేదు. పెండ్లి నాడు నాలుగు లక్షలు ఇచ్చామని తండ్రి చెప్పాడు. పుచ్చుకొన్నవారు రెండే అన్నారు. తరువాత అదీ పెండ్లి ఖర్చుకే సరిపోయిందన్నారు. కాగితము లేదు, సాక్షి లేడు. మధ్యవర్తి ఊరు విడిచి వెళ్ళిపోయాడు.

రెండు సంఘముల పెద్దలము కూర్చున్నాము. మాటలు పెరిగినవి. అప్పటివరకు తల వంచుకొని ఉన్న ఆ సహోదరి, "డబ్బు సంగతి మీరు చూడండి. నా పెట్టె నాకు ఇప్పించండి, చాలు" అన్నది. అది ఆమె అమ్మమ్మ పెట్టె. వేప చెక్క, పైన పసుపు, ఎరుపు రంగులు, అరటిచెట్లు, చిలుకలు. పెద్ద అందమైనది కూడా కాదు. అత్తగారు, "అది మా ఇంటి పెట్టె, మొదటి నుండీ ఇక్కడే ఉన్నది" అన్నది. అప్పుడు ఆ తండ్రి, "మూత తెరచి లోపల చూడండి" అన్నాడు. మూత లోపలి ప్రక్కన తెల్ల రంగుతో ఆ పిల్ల పేరు, పెండ్లి తేదీ ఉన్నవి. కాపురమునకు పంపేటప్పుడు ఆయనే వ్రాయించాడట. ఎవరూ మరి మాట్లాడలేదు. ఆ సాయంకాలమే పెట్టె ఆటోలో వచ్చింది. అందులో ఆమె నాలుగు చీరలు, బాప్తిస్మపు బైబిలు, బిడ్డ పుట్టిన సర్టిఫికెట్టు ఉన్నవి.

నాలుగు లక్షలు మాత్రము రాలేదు. ఆ తండ్రి ఆ అప్పు ఇంకా తీర్చుతూనే ఉన్నాడు. ప్రియులారా, ఈ లెక్క ఒకసారి మీ ఇంట్లో కూర్చుండి వేసుకోండి. వేప చెక్క పెట్టె వచ్చింది, ఎందుకంటే దాని మీద పేరు ఉన్నది. లక్షలు రాలేదు, ఎందుకంటే వాటి మీద పిల్ల పేరు ఎన్నడూ లేదు.

చట్టము ఏమి చెబుతున్నది?

కైసరుకు చెల్లవలసినది కూడా మనము తెలుసుకోవాలి. మన ఆంధ్ర రాష్ట్రము 1958లోనే వరకట్న నిషేధ చట్టము చేసింది. దేశమంతటికి 1961లో చట్టము వచ్చింది. 1984లోను, 1986లోను దానిని ఇంకా గట్టిచేశారు. కట్నము ఇచ్చినా, పుచ్చుకొన్నా ఐదు సంవత్సరములకు తగ్గని జైలు శిక్ష ఉన్నది. పదిహేను వేల రూపాయలు గాని, కట్నపు విలువ గాని, ఏది ఎక్కువైతే అంతకు తగ్గని జరిమానా కూడా ఉన్నది. అడిగినందుకే వేరుగా శిక్ష ఉన్నది. పెండ్లి సందర్భములో ఇచ్చిన కట్నము వేరొకరి చేతిలో ఉంటే మూడు నెలలలోగా దానిని ఆ స్త్రీకి అప్పగించాలని అదే చట్టము చెబుతున్నది. 1985లో సుప్రీంకోర్టు ప్రతిభా రాణి కేసులో, స్త్రీకి ఇచ్చిన సొత్తు అత్తవారింట ఉన్నంత మాత్రమున భర్తది కాదు, ఆమెదే అని తీర్పు చెప్పింది.

అడగకుండ ప్రేమతో ఇచ్చే కానుకను చట్టము కాదనలేదు. అయితే అది ఆచారములో ఉన్నదిగా, ఇచ్చేవారి తాహతుకు మించనిదిగా ఉండాలి. కానుకల జాబితా వ్రాయాలని 1985లోనే నియమములు వచ్చినవి. వస్తువు ఏమిటి, సుమారు విలువ ఎంత, ఇచ్చినదెవరు, వారు ఏమవుతారు అనేవి వ్రాసి, పెండ్లికుమారుడు, పెండ్లికుమార్తె ఇద్దరూ సంతకములు చేయాలి. పెండ్లికుమార్తెకు వచ్చిన కానుకల జాబితా ఆమె దగ్గరే ఉండాలి. ఈ జాబితా వ్రాసిన ఇల్లు మన గ్రామములలో ఎక్కడ ఉన్నది? పెండ్లి పుస్తకములో ఎవరు ఎంత చదివించారో వ్రాసుకొంటాము. ఐదు వందలు చదివించిన బంధువు పేరు వ్రాస్తాము. కన్న కూతురికి ఇచ్చినది మాత్రము వ్రాయము.

ఇంకొక మాట. "కట్నము ఇచ్చాము గనుక ఆస్తిలో భాగము లేదు" అని చెప్పి కుమార్తెల చేత కాగితముల మీద సంతకములు పెట్టించుకొనేవారు ఉన్నారు. క్రైస్తవులకు వర్తించే 1925 భారత వారసత్వ చట్టములో, వీలునామా లేకుండా తండ్రి చనిపోతే, తల్లి భాగము పోగా మిగిలినదానిలో కుమారునికి, కుమార్తెకు సమాన భాగము. కేరళలోని తిరువాన్కూరు ప్రాంతపు క్రైస్తవ స్త్రీలకు ఈ న్యాయము అందకపోతే, మేరీ రాయ్ గారు కోర్టుకు వెళ్ళారు. 1986లో సుప్రీంకోర్టు ఆమె పక్షముగా తీర్పు ఇచ్చింది. మనకైతే సంఖ్యాకాండము 27 చాలదా? సెలోపెహాదు కుమార్తెలు ఐదుగురు మోషే ఎదుట నిలిచి తండ్రి స్వాస్థ్యము అడిగితే, వారు అడిగినది న్యాయమని దేవుడే చెప్పాడు. యోబు కూడా తన కుమార్తెలకు వారి సహోదరులతో పాటు స్వాస్థ్యమిచ్చాడు.

బొమ్మలున్న పెట్టెను ఉంచుకోవచ్చునా?

ఇప్పుడు రెండవ ప్రశ్న. 1859లో రాఘవాపురము వెంకయ్య గారు బాప్తిస్మము పొందిన నాటి నుండి మన మెరక ప్రాంతములో సువార్త తరతరాలుగా ప్రాకింది. నేటికిని మొదటి తరపు విశ్వాసుల ఇళ్ళు అనేకము ఉన్నవి. అటువంటి ఇంటిలో పాత వస్తువుల మీద పాత బొమ్మలు ఉండక తప్పదు.

దీనికి బైబిలులో రెండు ప్రక్కల మాదిరి ఉన్నది. ఎఫెసులో మాంత్రిక పుస్తకములను అందరి యెదుట కాల్చివేశారు. అవి మంత్రము చేయుటకే ఉన్న పుస్తకములు. హిజ్కియా రాజు మోషే చేసిన ఇత్తడి సర్పమును పగులగొట్టాడు. ఎందుకు? ప్రజలు దానికి ధూపము వేస్తున్నారు గనుక. మరొక ప్రక్క, ఇశ్రాయేలీయులు ఐగుప్తు నుండి తెచ్చిన బంగారమును గుడారపు పనికి కానుకగా ఇచ్చారు. ఐగుప్తు బంగారమని దేవుడు త్రోసివేయలేదు. పౌలు కొరింథీయులకు వ్రాస్తూ, విగ్రహము వట్టిదని చెప్పి, అయినను బలహీనుడైన సహోదరునికి అభ్యంతరము కాకుండ చూచుకోమన్నాడు.

కనుక మూడు ప్రశ్నలు వేసుకోండి. ఆ పెట్టె యెదుట ఎవరైనా దీపము పెడుతున్నారా, దణ్ణము పెడుతున్నారా? దానిలో అదృష్టమున్నదని, అది ఇల్లు విడిస్తే కీడు వస్తుందని మీ మనస్సులో భయమున్నదా? ఇంటిలోని క్రొత్త విశ్వాసికి అది వెనుకకు లాగే త్రాడుగా ఉన్నదా? ఈ మూడిటిలో ఏది ఉన్నను, ఆ బొమ్మను తొలగించుకోండి. ఏదీ లేకపోతే అది చెక్క, రంగు, ఒక తల్లి జ్ఞాపకము. అరటిచెట్టు, చిలుక, తామరపువ్వు దేవుడు చేసినవే. వాటికి భయపడనక్కరలేదు. ఒకటి మాత్రము చెబుతాను. పెట్టె ఎవరిదో వారే నిర్ణయించుకోవాలి. క్రొత్తగా రక్షణ పొందిన కుమారుడు అమ్మ పెట్టెను అమ్మను అడుగకుండ వీధిలోకి లాగి కాల్చుట విశ్వాసము కాదు. తల్లిదండ్రులను సన్మానించుమనేది కూడా ఆజ్ఞయే.

అమ్మవచ్చునా?

అవసరమున్నవారు వస్తువు అమ్ముకొనుట పాపము కాదు. అయితే ముందు ఎవరిదో తేల్చుకోండి. అమ్మ బ్రతికి ఉంటే అమ్మది. అమ్మ లేకపోతే పిల్లలందరిది, పెండ్లి అయి వెళ్ళిన అక్కచెల్లెళ్ళది కూడా. వారిని అడుగకుండ అమ్మకండి. రెండవది, వీధిలోకి వచ్చినవాడు చెప్పిన మొదటి ధరకు ఇవ్వకండి. అతడు "చెదలు పట్టింది, వంటచెరకుకు కూడా పనికిరాదు" అన్న పెట్టె, హైదరాబాదులో హోటలు గదిలో అలంకారముగా కూర్చుంటుంది. మూడవది, నూరు సంవత్సరములు దాటిన కళాఖండములను పురావస్తువులుగా ఎంచే చట్టము 1972లో వచ్చింది. అటువంటివాటి వ్యాపారమునకు లైసెన్సు ఉండాలి, ప్రైవేటు వ్యక్తులు విదేశములకు పంపరాదు. కనుక ఎవరికి ఇస్తున్నారో తెలిసి ఇవ్వండి.

ఉంచుకొనేవారు పాత రంగును గరుకు కాగితముతో గీకకండి, పైన క్రొత్త పెయింటు వేయకండి. పొడి మెత్తని గుడ్డతో తుడవండి. నేలకు తగలకుండ క్రింద ఇటుకలు పెట్టండి, గోడకు జానెడు దూరము ఉంచండి. చెదలు నేలనుండి, గోడనుండి ప్రాకుతాయి. ఎండబెట్టిన వేపాకు బట్టలలో వేయండి. 2024 సెప్టెంబరులో మున్నేరు పొంగి ఐతవరము దగ్గర పెద్దరోడ్డు మీదికే నీళ్ళు వచ్చినవి. అటువంటి ప్రాంతములవారు పట్టాలు, సర్టిఫికెట్లు క్రింది పెట్టెలో గాక ఎత్తున పెట్టుకొనుట మంచిది.

ఏమి చేద్దాము?

జగ్గయ్యపేట ధనబోడు మీద ఒక ప్రాచీన బౌద్ధ స్తూపము ఉన్నది. 1882లో జేమ్స్ బర్జెస్ అక్కడ త్రవ్వించాడు. అక్కడ దొరికిన ఒక పలక మీద, చక్రవర్తి చెయ్యి ఎత్తి నిలువబడితే మేఘములనుండి నాణెములు వర్షించుచున్నట్లు చెక్కి ఉన్నది. నేడు కొన్ని ఇళ్ళలో మగపిల్లవాడు పుట్టితే ఆ రాజువలెనే చెయ్యి ఎత్తి, నాణెముల వాన కొరకు ఎదురు చూస్తున్నారు. ఆ వాన మేఘములనుండి రాదు. ఇంకొక తండ్రి అరెకరము పొలములోనుండి వస్తుంది.

తండ్రులారా, మీ కుమార్తెకు ఏమి ఇవ్వదలచుకొన్నా ఆమె పేరు మీద ఇవ్వండి. పొలము ఇస్తే పసుపు కుంకుమ అని నోటితో చెప్పి ఊరుకొనక, రిజిస్టరు చేయించండి. డబ్బు ఇస్తే ఆమె ఒక్కతే తీయగలిగిన ఖాతాలో వేయండి. కానుకల జాబితా వ్రాయించి, సంతకములు చేయించి ఆమె చేతికి ఇవ్వండి. అన్నిటికంటె ముందు చదువు ఇవ్వండి. దానిని ఏ అత్తవారూ తాళము తీసి పట్టుకుపోలేరు.

మగపిల్లల తల్లులారా, మీరు కూడా ఒకనాడు పెట్టె పట్టుకొని ఈ ఇంటికి వచ్చినవారే. ఆనాడు మీ తాళంచెవిని ఎవరైనా లాగుకొంటే మీకు ఎట్లుండేదో కోడలి విషయములో జ్ఞాపకము చేసికొనండి.

యౌవనస్థులారా, "మా నాన్న అడుగుతున్నాడు, నేను అడగలేదు" అనే మాట చాలదు. నీ పేరున అడిగినది నీవు అడిగినదే. ఎఫెసీయులకు వ్రాసిన పత్రిక 5వ అధ్యాయములో భర్తలకు చూపిన మాదిరి క్రీస్తు. ఆయన సంఘమనే వధువు దగ్గర ఏమి పుచ్చుకొన్నాడు? ఏమియు లేదు. ఆమె కొరకు తన్ను తానే అప్పగించుకొన్నాడు. ఆ పెండ్లికుమారుని పేరు పెట్టుకొన్నవారు కట్నము లెక్కపెట్టుకొనుట ఎంత సిగ్గుచేటు!

సంఘపు పెద్దలారా, పెండ్లి ప్రకటన మొదటి ఆదివారము చదువకముందే రెండు కుటుంబములను వేరువేరుగా పిలిచి, ఇచ్చి పుచ్చుకొనుటలు ఏమైనా ఉన్నవా అని అడగండి. గుడిలో ఆశీర్వాదము, గుడి వెనుక బేరము రెండూ కలిసి నడువకూడదు. స్త్రీల సమాజపువారు పెండ్లి కానున్న ప్రతి అమ్మాయి దగ్గర కూర్చుండి ఆ జాబితా వ్రాయుటకు సహాయపడండి. పిడికెడు బియ్యము తీసిపెట్టి గుళ్ళు కట్టించిన తల్లులు మీరు. ఈ పని మీకు కష్టము కాదు.

ఇశ్రాయేలీయుల మధ్య దేవుడు ఒక పెట్టె చేయించాడు. తుమ్మకఱ్ఱతో, రెండున్నర మూరల పొడవు, ఒకటిన్నర మూర వెడల్పు, అంతే ఎత్తు. మన బైబిలులో దానిని మందసము అంటారు. మన మెరక పొలాల గట్ల మీద పెరిగే తుమ్మ జాతి చెక్కయే. లోపలను వెలుపలను బంగారము పొదిగించాడు. దానిలో పెట్టించినది మాత్రము బంగారము కాదు, తన నిబంధన పలకలు. పెండ్లి కూడా నిబంధనయే. ఆ ఇంటిలోనికి నిబంధన వస్తున్నదా, సొమ్ము వస్తున్నదా అని ప్రతి కుటుంబము తన్ను తాను పరీక్షించుకొనును గాక.

ఈ సంవత్సరము పెండ్లి పీటల మీద కూర్చుండబోయే మన బిడ్డలందరిని ప్రభువు దీవించును గాక. అప్పు లేని ఇంటినుండి వారిని సాగనంపు భాగ్యము తల్లిదండ్రులకు కలుగును గాక. వారి పెట్టె చిన్నదైనను తాళంచెవి వారి చేతిలోనే ఉండును గాక. ఆమేన్.